సగం కుండకు పూర్తి రక్షణ

నాకు కుండలు చేయడం రాదు. సిగ్గుపడుతూ చెప్తున్న మాట కాదిది. ఆ అర్హత మీదే నాకు ప్రభుత్వోద్యోగం వచ్చింది. మా జిల్లాలో కుండలు చేయడం రానివాళ్ళు లక్షల్లో ఉంటారు గానీ, రాదని సంతకమూ ముద్రా వేయించుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. పేరు పానకాలు. హోదా స్థానాసీనుడు. ఆ హోదా ఏమిటో తెలియాలంటే చెంచయ్య పోయిన రోజు నుంచి చెప్పుకు రావాలి.

గుంటుపల్లి చెంచయ్యది తుమ్మలదిన్నె. చుట్టుపక్కల ఏ ఊళ్ళో పెళ్ళైనా ఐరేని కుండలు ఆయన ఇంటి నుంచే వెళ్ళాలి. ఆడపెళ్ళివాళ్ళు మేళంతో వచ్చి, కుండలు చేసే సారెకు పసుపు కుంకుమ పెట్టి, సున్నపు గీతలు వేసిన కుండల్ని నెత్తిన పెట్టుకుని ఊరేగింపుగా తీసుకెళ్ళి పందిట్లో పేర్చుకుంటారు. ఆ కుండలు లేని పెళ్ళిని రిజిస్ట్రారు ఒప్పుకున్నా మా ముసలమ్మలు ఒప్పుకోరు.

చెంచయ్యకు మగపిల్లలు లేరు. ఒక్కతే కూతురు, శేషారత్నం. కుమ్మరి ఇళ్ళల్లో ఆడవాళ్ళు మట్టి తొక్కుతారు, కుండలకు రంగులు వేస్తారు, కాల్చడానికి ఆవం పేరుస్తారు, కానీ సారె ముందు కూర్చోరు. చెంచయ్య ఆఖరి రోజుల్లో ఆ కట్టుబాటును పక్కన పెట్టి, తలుపులు వేసి, కూతుర్ని సారె ముందు కూర్చోబెట్టాడు. కార్తీకమాసంలో ఒక పొద్దున సగం గ్లాసు టీ తాగి, గోడకు ఆనుకుని, కూతురి చేతుల మధ్య వంకరగా లేస్తున్న కుండను చూస్తూ, ఎడమ చెయ్యి, అమ్మా, ఎడమ చెయ్యి అంటూనే వెళ్ళిపోయాడు. సగం లేచిన కుండ ఎడమకు ఒరిగి సారె మీదే ఉండిపోయింది.

ఇందులో నవ్వడానికి ఏమీ లేదు. నవ్వు మర్నాడు కారులో వచ్చింది.

దివంగత చేతివృత్తుల యథాతథ పరిరక్షణ మండలి అని మా రాజధానిలో అప్పుడే కొత్తగా పెట్టారు. దానికి భవనం ఉంది, వాహనం ఉంది, బంగారు రంగు అక్షరాల కాగితాలు ఉన్నాయి. లేనిదల్లా ఒక దివంగతుడు. డైరెక్టరు చిదంబరరావు గారు రోజూ పేపర్లో మరణవార్తలు ఆశగా చదువుతూ ఉండేవారట. చెంచయ్య వార్త, దానితోపాటు విలేఖరి ఆ పొద్దునే తీసిన గది ఫోటో కనిపించగానే, ఆయన టిఫిను కూడా సగంలో వదిలేసి బయల్దేరారు.

వచ్చి, ఫోటోను ఒక చేత్తో పట్టుకుని, గదిని రెండో చేత్తో చూపిస్తూ, గుమ్మంలో నిలబడి ఒక ఉపన్యాసం ఇచ్చారు.

"ఈ ప్రాంగణము మహాశిల్పి అంతిమ ఘడియలో ఏ స్థితియందు ఉన్నదో, ఆ స్థితియందే ఆచంద్రతారార్కము కొనసాగవలెను. ఇచట ఏదియు పెరగరాదు, తరగరాదు, పూర్తి కారాదు. వారసత్వమనగా ఇదియే."

ఆ సగం కుండ తన నాన్నది కాదని, తాను చేసిందని, అందుకే అంత వంకరగా ఉందని శేషారత్నం అప్పుడే చెప్పింది. కానీ కారు డిక్కీలో పాలరాయి ఫలకం అప్పటికే చెక్కి ఉంది: మహాశిల్పి చివరి స్పర్శ అని. రాయి మీద చెక్కిన మాటకీ ఏడుస్తున్న ఆడకూతురి మాటకీ పేచీ వస్తే మండలి ఏది నమ్ముతుందో చెప్పక్కర్లేదు. దుఃఖంలో ఉన్నవారి మాటలు నమోదు చేయకూడదని తమకు నిబంధన ఉందని డైరెక్టరు గారు ఎంతో దయగా చెప్పి, ఫలకం బిగించే మేస్త్రిని పిలిచారు.

ఫోటోలో ఉన్నవన్నీ ప్రదర్శికలయ్యాయి. సారె, సగం కుండ, సగం టీ ఉన్న గ్లాసు, చిలక్కొయ్యకు వేలాడే తువ్వాలు, గోడవార పేర్చిన చెంచయ్య కుండలు, బూడిద కుప్ప మీద పడుకున్న పిల్లి. ఒక్కటే లోటు. శవాన్ని అప్పటికే అరుగు మీదికి చేర్చారు కాబట్టి ఫోటోలో మనిషి లేడు. మనిషి లేకపోతే జీవకళ ఉండదని మండలి బాధపడింది. అందుకని సారె ముందు కూర్చోవడానికి ఒక ఉద్యోగిని వేశారు. ఆ ఉద్యోగమే స్థానాసీనుడు.

సారె ముందు కూర్చునేవాడు కుండ చేయడం వచ్చినవాడైతే ఎప్పుడో చెయ్యి జారి పూర్తి చేసేస్తాడని భయం. అందుకని ప్రాక్టికల్ పరీక్ష పెట్టారు. తలా ఒక ముద్ద మట్టి ఇచ్చి ఏదైనా చేయమన్నారు. చేసినవాళ్ళు ఫెయిల్. సారె మళ్ళీ చేతికి వస్తుందన్న ఆశతో శేషారత్నం కూడా అర్జీ పెట్టుకుంది, ఉత్త చేతులతో ఒక ముంత చేసింది. సొట్టగా ఉన్నా ముంతే అని తెలిసిపోతోంది. ఈమె వలన ప్రదర్శికకు ఉత్పత్తి ప్రమాదము కలదు అని రాసి బయటికి పంపారు. నేను చేసినదాన్ని ఒక సభ్యుడు తాబేలు అన్నాడు, ఇంకొకాయన పకోడీ అన్నాడు. మూడో ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఏదీ కాదని తేల్చి నాకు మొదటి ర్యాంకు ఇచ్చాడు. మా ఇంట్లో ఆ రోజు పాయసం చేశారు.

పని తేలికే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, సగం కుండ వైపు సృజనాత్మకంగా చూస్తూ కూర్చోవాలి. బడిపిల్లలు వస్తారు, తాడు అవతల నిలబడి నన్ను చూస్తారు, ఈయన బతికే ఉన్నాడా అని పంతులమ్మను అడుగుతారు. పొద్దున్నే సగం గ్లాసు టీ పోసి పక్కన పెట్టాలి. మొదట్లో నిండా పోయించి పై సగం నేను తాగేవాణ్ణి, తర్వాత అదే విధివిధానంగా ఆమోదం పొందింది. పిల్లితోనే ఇబ్బంది. బూడిద కుప్ప మీద పడమర ముఖంగా పడుకోవాలని దానికి ఎంత చెప్పినా ఎక్కేది కాదు. చివరికి అది యథాతథానికి పూర్తి విరుద్ధంగా నాలుగు పిల్లల్ని పెట్టింది. పిల్లికి మెమో ఇచ్చారు, దాని తరఫున నేను సంతకం పెట్టాను.

అసలు చిక్కు కుండతో వచ్చింది. తడి మట్టి ఆరితే పగుళ్ళు వస్తాయి. ఆరకూడదని గంటగంటకీ నీళ్ళు చల్లించారు. నీళ్ళు చల్లితే పచ్చి కుండ ఏమవుతుందో నాకు కూడా తెలుసు, కానీ అలా తెలియడం నా ఉద్యోగానికి ప్రమాదం కాబట్టి నోరు మూసుకున్నాను. ప్రారంభోత్సవం అయిన మర్నాటికి మహాశిల్పి చివరి స్పర్శ మెత్తగా చతికిలపడింది.

మండలి అత్యవసరంగా కూర్చుంది. కూలిన కుండ యథాతథం కాదు. ఆరిన కుండా యథాతథం కాదు. కాబట్టి రోజూ పొద్దున తలుపులు తెరవక ముందే దాన్ని ఫోటోలో ఉన్నట్టు మళ్ళీ లేపాలి, సగం వరకే లేపాలి, ఎడమకే ఒరిగించాలి. ఆ పని తెలిసిన మనిషి ఊళ్ళో ఒక్కతే ఉంది. ఉత్పత్తి ప్రమాదమని గెంటేసిన శేషారత్నాన్నే ఆకృతి పునరుద్ధరణ సహాయకురాలు అనే పేరుతో పిలిపించారు.

రోజూ పొద్దున్నే వచ్చేది. తండ్రి తువ్వాలుకు దణ్ణం పెట్టుకుని, కర్రతో సారె తిప్పి, మట్టిని మధ్యకు తెచ్చి, వేళ్ళు లోపలికి దించి పైకి లాగేది. ఫోటో మీద మండలి గీసిన ఎర్ర గీత దాకా వచ్చేసరికి చేతులు తీసేయాలి. ఆపైన మెడ, మూతి తీయడం నిషిద్ధం. ఆవిడ చేతులు అక్కడ ఆగినప్పుడల్లా నేను కిటికీ వైపు తిరిగేవాణ్ణి. రెండు బండరాళ్ళ మధ్య ఒక పాత బండి చక్రం పెట్టుకుని మీ పెరట్లో మీరు చేసుకోవచ్చుగా అని ఒకరోజు అడిగాను.

"చేసుకుంటే ఏం లాభం అన్నా?" అంది. "కులపెద్దలు తేల్చి చెప్పారు. ఆడది సారె ఎక్కడం ఎన్నడూ లేదు, సారె నా కూతురికే అన్న చెంచయ్య మాటా కాదనలేం, అందుకని వైశాఖం దాటేలోగా ఆ ఇంటి సారె మీద నుంచే ఐరేని కుండలు దింపి పెళ్ళికి ఇవ్వు, ఇస్తే హక్కు నీది అన్నారు. లేకపోతే మా పెదనాయన కొడుక్కి పోద్ది. వాడు ప్లాస్టిక్కు బిందెలు అమ్ముకునేవాడు. టవును నుంచి కుండలు తెచ్చి రంగేసి ఇస్తాడంట."

డైరెక్టరు గారితో ఈ సంగతి నేనే మనవి చేశాను. ఆయన సానుభూతిగా విని, వైశాఖం తర్వాత అర్జీ పెట్టుకోమన్నారు.

మాఘంలో రైసు మిల్లు ఓనరు కూతురి పెళ్ళి వచ్చింది. మేళంతో వాళ్ళు గుమ్మంలోకి వస్తే, తాడు కట్టి ఉంది, బోర్డు ఉంది, నేనున్నాను. మండలి పెద్ద మనసు చేసుకుని, చెంచయ్య చేసి గోడవార పేర్చిన కుండల్నే అరువు పద్ధతి మీద ఇవ్వడానికి ఒప్పుకుంది. షరతులు కొన్నే. కుండలకు పసుపు రాయరాదు, దారం చుట్టరాదు, బియ్యం పోయరాదు, నీళ్ళు అసలే వద్దు, హోమం పొగ తగలరాదు. కుండలతోపాటు సంరక్షకుడు వెళ్ళాలి. తెల్ల చేతితొడుగులు వేసుకుని నేను వెళ్ళాను.

పందిట్లో కుండలు పేర్చి చుట్టూ తాడు కట్టాను. పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ తాడు అవతల నిలబడి వాటికి దూరం నుంచే దణ్ణం పెట్టుకున్నారు. పురోహితుడు అక్షతలు విసిరితే అడ్డం వెళ్ళి మొహం మీద కాచుకున్నాను. హోమం మొదలయ్యాక పొగ ఇటు తిరిగిందని అగ్నిసాక్షిని కాస్త దూరం జరపమన్నాను. ఆదెమ్మ గారని ఆ ఊళ్ళో పెద్ద ముత్తైదువ, ఆమె మాట అంటే ఊరికి హడలు. ఆమె మనవరాలి పెళ్ళి వైశాఖంలో పెట్టుకున్నారు. ఆమె లేచి వచ్చి నన్ను ఎగాదిగా చూసింది.

"కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ దుడ్డులాగా ఉండాలన్నాడంట ఎనకటికొకడు, నీ లాంటోడే," అంది. "పెళ్ళికొచ్చావా నాయనా, పోస్టుమార్టానికొచ్చావా? ఆ తొడుగులేంది? నా మనవరాలి పెళ్ళికి ఇట్టా తాడు కట్టావంటే ఆ తాడుతోనే నిన్ను కుండలకు కట్టేసి పోతా."

పందిరంతా గొల్లుమంది. ఆమె చెప్పింది అబద్ధమేమీ కాదు కాబట్టి నాకూ నవ్వొచ్చింది, కానీ సంరక్షకుడు నవ్వరాదని ఎక్కడో ఉండే ఉంటుందని ఆపుకున్నాను. కుండలు గీటు పడకుండా తిరిగి వచ్చాయి. పెళ్ళి పూర్తయిందా లేదా అన్నది మాత్రం ఇప్పటికీ ఆ రెండు కుటుంబాలూ తేల్చుకోలేదు.

ఫాల్గుణం దాటేసరికి ఇంకో ఉపద్రవం వచ్చిపడింది. సగం కుండ బాగుపడసాగింది.

రోజూ చేసీ చేసీ శేషారత్నం చెయ్యి కుదురుకుంది. కుండ గోడ సన్నబడింది, సమంగా లేస్తోంది, ఎడమకు ఒరగడం మానేసింది. సందర్శకుల్లో ఎవరో ఫోటోతో పోల్చి చూసి, అసలుదే బాగాలేదేమిటి అన్నారట. డైరెక్టరు గారికి ఆ మాట చేరింది. ఆయన వంకర పరిశీలక సంఘాన్ని వెంటబెట్టుకుని దిగారు. తాపీమేస్త్రి తూకపు గుండు వేలాడదీసి, కొలబద్దలు పెట్టి, కళ్ళద్దాలు మార్చి మార్చి చూశారు. నివేదిక అక్కడే చదివారు.

"మహాశిల్పి యొక్క విశిష్ట వామవర్తన వక్రత క్రమేణ క్షీణించుచున్నది. వారసత్వ వంకరకు తీవ్రమైన ముప్పు వాటిల్లినది. సదరు సహాయకురాలు తక్షణమే మునుపటి నాణ్యతకు దిగిరావలెను."

శేషారత్నం ప్రయత్నించింది పాపం. వేళ్ళు వదులుగా పట్టింది, పక్కకు చూస్తూ చేసింది, కళ్ళు మూసుకుని చేసింది. కుండ తిన్నగానే లేచింది. డైరెక్టరు గారు దాదాపు బతిమాలారు. మొదటిసారి ఎలా చేశారో అలాగే చెయ్యమ్మా అన్నారు.

"రానప్పుడు చేశానయ్యా," అంది. "ఇప్పుడు వచ్చింది. రాకుండా చెయ్యడం నాకు రావట్లే."

సంఘంవాళ్ళు ఈ సమస్యను ఇంతకు ముందు ఎక్కడా చూడలేదు. ప్రావీణ్యము సంపాదించిన కారణమున అని రాసి ఆవిణ్ణి తీసేశారు. ఆవిడ గడప దాటేటప్పుడు సారె వైపు చూసిన చూపు నాకు నచ్చలేదు, పోయినవాళ్ళను చూసినట్టు చూసింది. చైత్రం వచ్చేసింది, వైశాఖం ముందే ఉంది.

ఆవిడ స్థానంలో పని రానివాళ్ళను వెతికి పెట్టారు. మొదట టీకొట్టు హనుమంతు వచ్చాడు. తొలిరోజు వంకర అద్భుతంగా కుదిరింది, సంఘం చప్పట్లు కొట్టింది. నాలుగు రోజులు తిరిగేసరికి హనుమంతు కుండ కూడా తిన్నగా లేవడం మొదలుపెట్టింది. ప్రావీణ్యము కారణమున అతన్నీ తీసేశారు. తర్వాత దర్జీ, అతని తర్వాత రిటైరైన పోస్టుమాను, ఆ తర్వాత వార్డు మెంబరూ ఆయన భార్యా. ఎవర్ని పెట్టినా అదే వరస. రోజూ ఒకే పని చేస్తే మనుషులు ఆ పని నేర్చేసుకుంటారన్న సంగతి మండలి ముందుగా ఊహించలేకపోయింది. దర్జీనైతే రెండో రోజే పంపేశారు, సూది పట్టిన చెయ్యి కదా. ఊరు ఊరంతా సగం కుండ చేయడం నేర్చేసింది. ఎర్ర గీత పైన ఏం చేయాలో ఎవ్వరికీ తెలియదు. సాయంత్రాలు హనుమంతు కొట్టు దగ్గర చేరి, పై సగం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ చేతులు గాల్లో తిప్పేవాళ్ళు.

ఇక మిగిలింది నేనే. ధ్రువీకరణ పొందినవాణ్ణి, మండలి చివరి నిల్వను. డైరెక్టరు గారు స్వయంగా నా భుజం తట్టి సారె తిప్పమన్నారు. ఇన్ని నెలలు కళ్ళ ముందు చూశానన్న భయం నాకు లోపల ఉంది, ఎక్కడ తిన్నగా వచ్చేస్తుందోనని. నా భయం అనవసరం. నేను చేసినదానికి వంకర కూడా లేదు, ఎందుకంటే వంకరగా ఉండాలన్నా ముందు ఏదో ఒకటి నిలబడాలి కదా. సంఘం దాని మీద తూకపు గుండు వేలాడదీసి, ఎక్కడ ఆనించాలో తెలియక మళ్ళీ చుట్టి పెట్టేసింది.

సరిగ్గా ఆ సమయానికి రాజధాని నుంచి ఆడిటరు వచ్చింది. ఎక్కువ మాట్లాడని మనిషి. ఫోటో చూసింది, ఫలకం చూసింది, గోడవార పేర్చిన చెంచయ్య కుండలు చూసింది. ఆ కుండలన్నీ తిన్నగానే ఉన్నాయి కదా, చివరిదొక్కటే వంకర ఎందుకైంది అని అడిగింది. ఆయన మహాశిల్పి కాకపోతే ఫలకం తప్పు, మహాశిల్పి అయితే ఈ కుండ ఆయనది కాదు. రెండింట్లో ఏదో తేల్చి రాయమంది.

డైరెక్టరు గారి మొహం చూస్తే జాలేసింది. పాలరాయి పగలగొట్టడానికి మనసొప్పదు. అప్పుడు ఆయనకు హఠాత్తుగా గుర్తొచ్చింది, మొదటి రోజే ఎవరో ఈ కుండ తనదని చెప్పిన మాట. శేషారత్నాన్ని పిలిపించారు. ఆవిడ వెనక ఆదెమ్మ గారు, ఆమె వెనక కులపెద్దలు, వాళ్ళ వెనక సగం కుండలు నేర్చి ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్ళంతా వచ్చారు. చెంచయ్య కుండ ఏనాడూ పక్కకు వాలలేదని ఆదెమ్మ గారు సాక్ష్యం చెప్పింది. శేషారత్నం ఆ రోజు చెప్పిన మాటే మళ్ళీ చెప్పింది. ఈసారి ఏడవలేదు కాబట్టి నమోదు చేయడానికి అభ్యంతరం లేకపోయింది.

డైరెక్టరు గారు కూర్చుని నిబంధనలు తిరగేశారు. తిరగేస్తూ తిరగేస్తూ పాలిపోయారు.

"అనగా, ఈ వంకరకు కర్త అయిన కళాకారిణి జీవించియున్నది," అన్నారు మెల్లగా. "జీవించియున్న వారిపై మా మండలికి ఎట్టి అధికారమూ లేదు."

వడ్డించిన విస్తరి ముందు నుంచి లాగేసినట్టు అయిపోయారాయన. ఆడిటరు తల ఊపి సంతకం చేసి వెళ్ళిపోయింది. ఉత్తర్వు అప్పటికప్పుడు రాశారు. సారె, గది, కుండలు అన్నీ కళాకారిణికి తిరిగి అప్పగించడమైనది. పరిరక్షణ ఆమె మరణము వరకు వాయిదా వేయడమైనది. సదరు మరణము సంభవించిన వెంటనే మండలికి తెలియజేయవలెను. సంతకం పెడుతూ డైరెక్టరు గారు తలెత్తి, బీపీ, షుగరు లాంటివేమైనా ఉన్నాయా అమ్మా అని ఎంతో ఆప్యాయంగా అడిగారు. ఏమీ లేవంది. ఆయన నిట్టూర్చారు.

నేను లేచి చోటిచ్చాను. శేషారత్నం సారె ముందు కూర్చుంది. ఊరంతా గుమ్మంలో, కిటికీల్లో కిక్కిరిసి చూస్తోంది. సారె తిరిగింది, మట్టి లేచింది, ఎర్ర గీత ఉండే చోటికి వచ్చింది. అక్కడ ఆవిడ చేతులు ఆగిపోయాయి.

ఇప్పుడు ఆపమనేవాళ్ళు ఎవరూ లేరు. అలవాటు కొద్దీ ఆగాయేమో అనుకున్నాను. సారె తిరుగుతూనే ఉంది, చేతులు మాత్రం గాల్లోనే ఉన్నాయి.

"మూతి తియ్యడం నాకు తెలవదు," అంది. "నాయన అక్కడిదాకా చెప్పలేదు."

కులపెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నాళ్ళూ మేము కాపలా కాసింది సగం కుండను మాత్రమే కాదని, ఆ సగం దగ్గరే ఆగిపోయిన చదువును కూడా అని నాకు అప్పుడు తట్టింది.

ఆవిడ లేచింది. గోడవార పేర్చిన తండ్రి కుండల దగ్గరికి వెళ్ళింది. ఒకదాని మెడలోకి చెయ్యి పోనిచ్చి, లోపలి అంచు వెంట వేళ్ళు నెమ్మదిగా తిప్పింది. చెంచయ్య వేళ్ళు నడిచిన గాట్లు లోపల ఉంటాయట. చాలాసేపు తడిమింది. చాలలేదు కాబోలు, ఆ కుండను తీసుకొచ్చి గది మధ్యలో పెట్టింది, పచ్చి కుండల్ని తట్టే చెక్క అందుకుంది. ఏం చేయబోతోందో డైరెక్టరు గారికి ముందే అర్థమైంది. ఆయన చేతులు చాచి, అమ్మా అది మూలకృతి అంటూ ఉండగానే చెక్క పడింది.

కుమ్మరికొక ఏడు, గుదియకొక పెట్టు అంటారు, కుమ్మరి ఏడాది కష్టం దుడ్డుకర్రకు ఒక్క దెబ్బ అని. ఇక్కడ ఏడాది కుమ్మరిదీ, పెట్టూ కుమ్మరిదే. కుండ నిలువునా రెండయింది. ఆవిడ మెడ పెంకు ఒకటి తీసి వెలుగులో పట్టుకుంది. గోడ ఎక్కడ మందం, ఎక్కడ పల్చన, మూతి దగ్గర బయటికి ఎంత మళ్ళింది, అన్నీ ఆ అంచులో కనిపిస్తున్నాయి. హనుమంతు, దర్జీ, పోస్టుమాను, వార్డు మెంబరూ భార్యా మెడలు సాచి చూశారు. ఇన్ని రోజులు గాల్లో వెతుక్కున్న పై సగం వాళ్ళకు అక్కడ దొరికింది.

"ఇదిగో నాయన వేలు," అంది శేషారత్నం పెంకు లోపలి గీత మీద తన వేలు పెట్టి. "ఇట్టా లోపలికి నొక్కి, ఇక్కడ వదిలేశాడు."

మళ్ళీ సారె ముందు కూర్చుంది. ఈసారి చేతులు ఆగలేదు. మెడ ఇరుకయ్యింది, మూతి విచ్చుకుంది, దారంతో కోసి కుండను దింపింది. ఆదెమ్మ గారు పైట చెంగుతో కళ్ళు తుడుచుకుని, ఇంకా చూస్తావేమయ్యా, పేర్చడానికి చోటు చెయ్యి అని నా మీద కసిరింది. డైరెక్టరు గారు పగిలిన పెంకుల ముందు గొంతుక్కూర్చుని వాటిని లెక్కపెట్టుకుంటున్నారు. ఆయనకు పాపం ఇంకేం చేయాలో తోచలేదు.

వైశాఖంలో ఆదెమ్మ గారి మనవరాలి పెళ్ళికి ఐరేని కుండలు ఆ సారె మీద నుంచే వెళ్ళాయి. మేళం వచ్చింది, సారెకు పసుపు కుంకుమ పడింది. సున్నం గీతల మీద ఎర్రచుక్కలు శేషారత్నమే పెట్టింది. పందిట్లో వాటికి పసుపు రాశారు, దారం చుట్టారు, బియ్యం పోశారు, హోమం పొగంతా వాటి మీదికే పోయింది. చివర్లో ఒక కుండకు గీటు కూడా పడింది, ఎవ్వరూ పట్టించుకోలేదు. కులపెద్దల్లో అందరికన్నా ముసలాయన ఒక కుండను వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, చెంచయ్య ఇంటిదే అన్నాడు. హక్కు సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పెదనాయన కొడుకు పెళ్ళికి వచ్చి రెండు ప్లాస్టిక్కు బిందెలు చదివించి వెళ్ళాడు.

నా ఉద్యోగం పోయింది. కూర్చోవలసిన చోట మనిషి కూర్చుంది కాబట్టి స్థానాసీనుడి అవసరం లేకపోయింది. ఊరికే ఉండలేక శేషారత్నం దగ్గర మట్టి తొక్కుతున్నాను. హనుమంతు, దర్జీ కూడా సాయంత్రాలు వస్తారు, పై సగం నేర్చుకుంటున్నారు. టీ ఇప్పుడు నిండు గ్లాసు ఇస్తారు. పిల్లి, దాని పిల్లలు తమకు నచ్చిన దిక్కుకు తిరిగి పడుకుంటున్నాయి.

డైరెక్టరు గారు నెలకోసారి ఫోన్ చేస్తారు. కళాకారిణి ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతారు, బాగుందంటే నిట్టూరుస్తారు. మొన్న చేసినప్పుడు ఆయనకు ఇంకో విషయం కూడా చెప్పాల్సి వచ్చింది. ముందు రోజు సాయంత్రం, అందరూ వెళ్ళాక, శేషారత్నం నన్ను సారె ముందు కూర్చోబెట్టింది. ఎడమ చెయ్యి, అన్నా, ఎడమ చెయ్యి అంటూ పక్కనే నిలబడింది. చిన్న ముంత. బాగా వంకర. కానీ నిలబడింది, దారంతో కోసినా నిలబడే ఉంది.

ఆ మాట విని, నిజంగానే నిలబడిందా అని డైరెక్టరు గారు రెండుసార్లు అడిగారు.

"పానకాలు గారూ," అన్నారు చివరికి. "మీ మీద మండలి ఎంతో నమ్మకము ఉంచినది."

క్షమించమని చెప్పాను. ఫోన్ పెట్టేసి వెళ్ళేసరికి శేషారత్నం నా ముంతను వంకర ముంతా అని తిడుతూ, మట్టి ముద్దలో కలిపేసి, మళ్ళీ చెయ్యమని నా చేతికి ఇచ్చింది.